ఇద్దరమ్మ బోర్డు తిప్పేశారు

నేను ఒక రేకు బోర్డుని. బోర్డు అనగానే మీలో కొందరికి పరీక్షల బోర్డు గుర్తొచ్చి గుండె జారి ఉంటుంది, కొందరికి కరెంటు బోర్డు గుర్తొచ్చి బిల్లు కళ్ళముందు మెరిసి ఉంటుంది. కంగారు పడకండి, నేను ఆ జాతి కాదు. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, పసుప్పచ్చ ఒళ్ళు, నాలుగు మూలలా మేకు బెజ్జాలు, నెత్తిమీద కొన కిందకి తిరిగిన ఎర్ర త్రికోణం. నన్ను కుటుంబ నియంత్రణ బోర్డు అంటారు. ఇప్పుడు ఏ కుటుంబంలోనూ ఎవరికీ ఎవరిమీదా నియంత్రణ లేదు గానీ, అప్పట్లో ఆ మాటకి మహా గిరాకీ.

జనాన్ని ముంచి బోర్డు తిప్పేసిన కంపెనీల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. బోర్డునే ముంచి తిప్పేసిన సంగతి మాత్రం ఎక్కడా చదివి ఉండరు. అందుకని నేనే చెబుతున్నాను. కాస్త గట్టిగానే చెబుతున్నాను. రేకు గొంతు కదా, మెల్లగా మాట్లాడటం నావల్ల కాదు.

రాజమండ్రిలో ఒక షెడ్డులో పుట్టాను. నాతోపాటు అదే పూట నాలాంటివాళ్ళు మూడొందలమంది పుట్టారు. పిల్లల్ని తక్కువ కనండి అని చెప్పే బోర్డుల్ని ఒక్క కాన్పులో మూడొందలు కన్న సర్కారు మాది! అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. రంగు తడారని పసిరేకుని, నాకేం తెలుసు? నామీద ఒక తండ్రి, ఒక తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు. నలుగురూ ఒకటే నవ్వు. ఎందుకు నవ్వుతున్నారో గీసినవాడికే తెలియదు. నవ్వించమన్నారు, నవ్వించాడు. కింద పెద్ద అక్షరాల్లో నా జీవిత ధ్యేయం: 'ఇద్దరితో ఆపు, ఇంటికి అదే కాపు.'

నన్ను కోనసీమలో నిండుపాలెం అనే ఊరికి పంపారు. కాలవ గట్టున కొబ్బరి తోటల మధ్య ఊరు. పేరుకి తగ్గట్టు నిండుగా ఉండేది. అరుగు నిండా పిల్లలు, కాలవ నిండా పిల్లలు, కొబ్బరి చెట్టుమీద కూడా ఒకరిద్దరు. భోజనాల వేళ తల్లి కేకేస్తే సొంత పిల్లలతో కలిసి పక్కింటి పిల్లలు కూడా తినిపోయేవారు. కూర్చున్నవాళ్ళలో తనవాళ్ళెవరో చూసుకునే తీరిక ఆవిడకి ఉండేది కాదు.

సబ్ సెంటరు నర్సు ఎస్తేరమ్మ నన్ను రిక్షాలో నిలబెట్టి తెచ్చి బడి గోడకి కొట్టించింది. గోడకి అటువేపు పిల్లల గోల, ఇటువేపు పిల్లలు చాలని నా గోల. మొదటిరోజే నన్ను చదివించుకుని మండిపడింది అప్పాయమ్మ అనే పెద్దావిడ.

"ఆరుగుర్ని కంటే ముగ్గురు మిగిలారు నాకు. ఇద్దర్నే కంటే ఎంతమంది మిగుల్తారో నువ్వే చెప్పు నర్సమ్మా," అంది.

"అందుకేగా అత్తయ్యగారూ సూదులేత్తన్నాను. కన్నోళ్ళని బతికించే పూచీ నాది, ఆపే పూచీ మీది," అంది ఎస్తేరమ్మ.

"సూదులేసి బతికిత్తావు, ఆనక మనిషెక్కువైపోయాడని ఏడుత్తావు. నీ ఉజ్జోగం బాగుందే!"

నవ్వుకున్నారు గానీ, జనాభా శాస్త్రమంతా ఆ రెండు మాటల్లో ఉంది. ముందు చావులు తగ్గాయి. మసూచి పోయింది, కలరా పోయింది, పురిటి గదిలో కొడవలి పోయి కత్తెర వచ్చింది. పుట్టుకలు మాత్రం పాత అలవాటుమీద అలాగే నడిచాయి. చావుకి బ్రేకు పడి, పుట్టుకకి పడని ఆ మధ్యకాలంలో ఊరు పొంగింది. ఆ పొంగు మీద నీళ్ళు చల్లడానికి వచ్చినదాన్ని నేను.

నా మాట మొదట విన్నది అప్పాయమ్మగారి పెద్దకోడలే. పేరు సుభద్రమ్మ. ఏడో తరగతి దాకా చదివింది, ఇంకా చదవాలని ఏడ్చింది, చదువు ఆగిన చోట పెళ్ళి మొదలైంది. కొడుకు, కూతురు పుట్టగానే తిన్నగా వెళ్ళి కు.ని. ఆపరేషను చేయించుకుంది. కు.ని. అంటే కుటుంబ నియంత్రణ. కునుకు పట్టకుండా చేసింది మాత్రం అత్తగారే. నెల్లాళ్ళు మాట్లాడలేదు. తరవాత సూటిగా ఒకటే అడిగింది: "అంత పని చేసొచ్చావు. ఏ దేవుడికైనా దణ్ణం పెట్టుకున్నావా?"

సుభద్రమ్మకి ఏ దేవుడి దగ్గరికెళ్ళాలో తోచలేదు. పిల్లలు కావాలని మొక్కించుకునే దేవుళ్ళు ఊరినిండా ఉన్నారు, ఇక వద్దని మొక్కించుకునే దేవుడు లేడు. ఆ ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆలోచించి ఆలోచించి గిన్నెలో పసుపు కలుపుకుని నా దగ్గరికొచ్చింది. నాలుగు మేకులకీ నాలుగు పసుపు బొట్లు, మధ్యలో కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

అంతే! ఆ వారంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఆ వేసవిలో పెళ్ళయిన జంట ఊరేగింపు నా ముందు ఆగింది. ఆపైన అది ఆచారమైపోయింది. నిండుపాలెంలో ఎవరింట పెళ్ళయినా, ఏ కులమైనా, గృహప్రవేశానికి ముందు కొత్త దంపతులు బడి గోడ దగ్గర ఆగాలి. నాకు బొట్టు పెట్టి 'ఇద్దరే తల్లీ' అనాలి. పెళ్ళికొడుకు సిగ్గుపడితే బావమరుదులు గట్టిగా అనిపించేవారు. నా పేరు ఇద్దరమ్మ అయింది. వరాలిచ్చే దేవతలు లోకంలో చాలామంది ఉన్నారు. ఇచ్చింది చాలనే దేవతని నేనొక్కదాన్నే.

పక్క ఊరు వీరలంకలో నా తోబుట్టువే ఒకటి ఉండేది. దానిమీద పిడకలు కొట్టారు. తండ్రి మొహం మీద ఒకటి, తల్లి మొహం మీద ఒకటి, సమంగా. పాపం, అది ఎండకి ఎండి పిడకలతోపాటే రాలిపోయింది.

నాకు మాత్రం వైభోగం. ఒక్కటే చిక్కు. అందరూ ఇద్దరితో ఆపుతున్నా ఊళ్ళో జనం తగ్గలేదు సరికదా, పెరుగుతూనే ఉన్నారు. ఊరి ప్రెసిడెంటు గారికి అనుమానమొచ్చి, "ఏమండీ నర్సమ్మగారూ, మీ ఇద్దరమ్మ పనిచేత్తందంటారా?" అని నా ఎదురుగానే అడిగాడు. దేవత మొహం మీద అడగాల్సిన ప్రశ్నేనా అది?

ఎస్తేరమ్మ కాలవ వేపు చెయ్యి చూపించింది. "లాకులు మూసేసినా కింద పొలాలకి నీళ్ళు కొంతసేపు పారతాయి కదండీ. ఈ పిల్లలంతా లాకులు మూయకముందు దిగిన నీళ్ళు. ఈళ్ళు పెద్దోళ్ళయి, తలా ఇద్దర్ని కన్నా జనం పెరుగుతారు. ఇంకో ఇరవయ్యేళ్ళకి గానీ తెలీదు."

"ఇరవయ్యేళ్ళకి తెలిసేదాన్ని నమ్మి ఇప్పుడు ఆపుకోమంటారు!"

"ఇద్దరు కూడా సరిపోరండీ నిజానికి. తల్లికీ తండ్రికీ బదులు ఇద్దరుండాలి, పెద్దవకుండా పోయేవాళ్ళ లెక్క కొంచెం పైన కలపాలి. రెండూ పాయింటు ఒకటి అంటారు."

"ఆ పాయింటు ఒకటి పిల్లాణ్ణి ఎవరు కంటారో ఇప్పుడే తేల్చెయ్యండి, మా ఇంట్లో మాత్రం కాదు," అన్నాడు ప్రెసిడెంటు. ఆ రోజంతా ఊరు పడీపడీ నవ్వింది. ఆవిడ చెప్పిన లెక్కని ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కమాట ఒప్పుకోవాలి, నేనూ పట్టించుకోలేదు. నామీద పాయింట్లు రాయలేదు, 'ఇద్దరు' అనే రాశారు.

మా ఊరి పేరు జిల్లా దాకా వెళ్ళింది. ఒక పెద్ద అధికారి షీల్డు పట్టుకుని వచ్చాడు. వెండిరంగు పళ్ళెం, చెక్క పలక, దానిమీద 'ఆదర్శ చిన్న కుటుంబ గ్రామం' అని చెక్కి ఉంది. నా పక్కనే బల్ల వేసుకుని, మైకు ముందేసుకుని, అధికారి ఏమన్నాడో నాకు అక్షరం అక్షరం గుర్తు. నన్ను ఆనుకునే నిలబడ్డాడు మరి.

"నిండుపాలెం తల్లులకి నా నమస్కారం. ఇంకో మూడేళ్ళపాటు ఈ ఊళ్ళో మూడో కాన్పన్నది లేకుండా చూపించండి. మీ బడిని నేను హైస్కూలు చేయిస్తాను. ఇది ప్రభుత్వం మాట."

చప్పట్లు అన్నీ ఇన్నీ కావు. హైస్కూలంటే అప్పట్లో అమలాపురం దాకా పోవాలి. ఆడపిల్లల చదువు ఏడుతో ఆగేది, సుభద్రమ్మ చదువు ఆగినచోటే. ఆ మాట వినగానే ఆవిడ మొహం వెలిగిన తీరు నేను కళ్ళారా చూశాను. ఆ రోజు నుంచీ హైస్కూలు ఆవిడ సొంత వ్యవహారమైపోయింది. ఊరిమీద ఒక్క మూడో కాన్పు పడకుండా కాపలా కాసింది.

అడ్డం వచ్చింది ఇంట్లోనే. తోడికోడలు మంగాయమ్మ. ఇద్దరూ మగపిల్లలే ఆమెకి. ఆడపిల్ల కావాలని ఆశ. ఒక పొద్దున నీళ్ళ బిందె చంకనెత్తుకుని నా ముందు ఆగింది. వెనకే సుభద్రమ్మ.

"ఒక్కత్తే అక్కా. ఆ తరవాత నువ్వు చెప్పినట్టే ఇంటాను."

"మూడోది ఆడదే అవుద్దని నీకెవరు చెప్పారే?"

"అవుద్ది. నాకు తెలుత్తంది."

"అలాగనే మీ పిన్ని అయిదుగురు మగాళ్ళని కంది."

మంగాయమ్మ నవ్వలేదు. బిందె కింద పెట్టింది. "ఏం, నా ఒక్కదాని వల్ల మునిగిపోద్దా ఊరు?"

"మునిగిపోద్దే. నువ్వు కంటే షీల్డు పోద్ది, హైస్కూలు పోద్ది. ఊరంతా నీ కడుపు వేపే చూత్తంది మంగా. నా కూతుర్ని ఏడుతో ఆపెయ్యమంటావా? రేపు నీకు మనవరాళ్ళు పుడితే ఆళ్ళనీ ఆపెయ్యమంటావా? బడొత్తాది. నాదీ పూచీ."

"నీదా?"

"నాదే."

మంగాయమ్మ చాలాసేపు నావేపు చూసింది. నామీద ఉన్న కూతురు బొమ్మవేపు చూసిందని తరవాత తెలిసింది. బిందె ఎత్తుకుని, "అయితే పద," అంది. ఆ గురువారమే ఆపరేషన్ల క్యాంపు. వెళ్ళేముందు నాకు బొట్టు పెట్టింది. కుంకం రాలి తల్లి బొమ్మ కంట్లో పడింది.

మూడేళ్ళు గడిచాయి. మూడో కాన్పు లేదు. సుభద్రమ్మ షీల్డు సంచిలో వేసుకుని కచేరీల చుట్టూ తిరిగింది. ఆ అధికారికి బదిలీ. కొత్తాయనకి తెలియదు. ఆ తరవాతాయనకి తెలుసు గానీ తీరిక లేదు. ఫైలు కదలడానికి పట్టిన కాలంలో లాకులు మూసిన ఫలితం కనపడనే కనపడింది. ఒకటో తరగతిలో చేరేవాళ్ళు ఏడాదికేడాది తగ్గారు. చివరికి జవాబొచ్చింది: హైస్కూలుకి కావలసినంతమంది పిల్లలు మీ ఊళ్ళో లేరు.

అయ్యా, నెమ్మదిగా చదువుకోండి. పిల్లల్ని తగ్గిస్తే బడి ఇస్తామన్నారు. తగ్గించాం. పిల్లలు తగ్గారు కాబట్టి బడి ఇవ్వం అన్నారు. ఇలాంటి మెలిక కొబ్బరితాడుకి కూడా ఉండదు.

"ఉన్న బడినన్నా ఉంచుతారా?" అని అడిగిందట సుభద్రమ్మ. ఉంచుతామన్నారట. ఇంటికొచ్చి తోడికోడలితో, "పోన్లే మంగా, ఇదుందిగా. దీన్నే పెంచుతారు," అంది.

తరవాతి సంగతులు జోరుగా జరిగాయి. ఇద్దరికి మించి కన్నవాళ్ళు పంచాయతీ ఎన్నికలకి పనికిరారని చట్టమొచ్చింది. నేను ఛాతీ విరుచుకున్నాను, రేకు టపటపమంది. కొడుకులు హైదరాబాదు వెళ్ళారు, కోడళ్ళు కువైట్ వెళ్ళారు. పుట్టే పిల్లలు అక్కడెక్కడో పుట్టారు. నా ముందు ఆగే కొత్త జంటలు ఫోటో దిగి, మర్నాడు బస్సెక్కేవారు. వీరలంకలో మాత్రం రొయ్యల చెరువులు తవ్వారు. ఎక్కడెక్కడి నుంచో కూలివాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని దిగారు. పుట్టుక, చావు, వలస. ఊరి జనాభాకి ఈ మూడే తలుపులు. మాకు మొదటి తలుపు నేను వేశాను, మూడో తలుపు బయటికే తెరుచుకుంది. రెండో తలుపు సంగతి చెప్పక్కర్లేదు, దానికి గడియ ఉండదు.

ఎస్తేరమ్మ రిటైరయిన రోజున చాక్‌పీసు తీసుకుని నా పక్కన గోడమీద రెండు బొమ్మలు గీయబోయింది. మొదటిది గోపురంలా ఉంది. "నేనొచ్చినప్పుడు ఊరు ఇలాగుండేది. అడుగున బోలెడుమంది పిల్లలు, పైకెళ్ళేకొద్దీ తక్కువ, కొసన అప్పాయమ్మగారిలాంటోళ్ళు ఇద్దరో ముగ్గురో." రెండోది గీయడం మొదలెట్టి ఆపేసింది. చెయ్యెత్తి నా నెత్తిమీది ఎర్ర త్రికోణాన్ని చూపించింది. "ఇప్పుడు అదిగో, అలాగుంది. పైన వెడల్పు, కింద మొన. ఆ మొనమీద ఎన్నాళ్ళు నిలబడుద్దో."

మొనమీద నిలబడటం నాకు అలవాటే కాబట్టి నాకేం తేడా తెలియలేదు. కానీ చూస్తున్న ముసలివాళ్ళందరూ ఒకేసారి దగ్గడం మొదలెట్టారు.

ఇక ద్రోహం సంగతి.

ఈ మధ్య ఒక వేసవిలో, ఒకే వారంలో, ఊళ్ళోకి రెండు జీపులొచ్చాయి. మొదటి జీపులో రంగు డబ్బాలొచ్చాయి. పైవాళ్ళకి ఉన్నట్టుండి మెలకువ వచ్చిందట. జనం తగ్గిపోతున్నారు, ముసలివాళ్ళు ఎక్కువైపోతున్నారు, పనిచేసే చేతులు తక్కువైపోతున్నాయి, కనండి బాబూ కనండి అంటున్నారట. పంచాయతీ చట్టం కూడా ఎత్తేశారట. నన్ను మార్చాలట!

పెయింటరు కొండలరావు. కొట్టు పలక మీద 'కొండల్ ఆర్ట్స్' అని ఉంటుంది. అతను బాగా బద్ధకస్తుడు. నా అక్షరాలన్నీ చెరపకుండా 'ఆపు'ని గీకి 'ఆపకు' చేశాడు. యాభయ్యేళ్ళ నా జీవిత ధ్యేయాన్ని ఒక్క అక్షరం రంగుతో తిరగేశాడు! కింద 'ఇంటికి అదే కాపు' అలాగే ఉంది. అంటే అప్పుడు ఆపితే కాపు, ఇప్పుడు ఆపకపోతే కాపు. ఎలా తిప్పినా కాపు వాళ్ళకే, కాపురం మనది.

తరవాత బొమ్మ. "ఇంకో ఇద్దర్ని దించమన్నారండి," అన్నాడు చుట్టూ చేరిన ఆడవాళ్ళతో. కూతురి పక్కన ఇంకో ఆడపిల్లని గీశాడు. నాలుగోవాడి దగ్గరికొచ్చేసరికి రేకు అయిపోయింది. అంచున తలకాయ, ఒక చెయ్యి మాత్రం పట్టాయి.

"వీడేంట్రా ఇలాగున్నాడు?" అన్నాడు ఒక ముసలాయన.

"ఆ పాయింటు ఒకటి వీడే బాబాయ్," అన్నాడు పక్కాయన.

అందరూ నవ్వారు. మంగాయమ్మ కూడా అక్కడే ఉంది. ఇప్పుడు అరవై దాటింది. కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉన్నారు, ఒకడికి ఒక్కడు, ఒకడికి ఎవరూ లేరు. ఆమె నవ్వలేదు. తడి ఆరని మూడోపిల్ల బొమ్మకి దగ్గరగా వచ్చి, "గౌను ఎర్రది ఎయ్యి," అంది పెయింటరుతో. "నీలం వేసేశానండి." "ఎర్రది ఎయ్యమంటన్నానా!" అతను కంగారుపడి ఎర్రది వేశాడు. ఆ రోజు నుంచీ పొద్దున్నే వచ్చి కొంగుతో ఆ ఒక్క బొమ్మ తుడిచి వెళ్ళేది. మిగతా నాకు దుమ్మే.

రెండో జీపులో మండల విద్యాధికారి వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. బళ్ళో ఏడుగురే పిల్లలున్నారు కాబట్టి బడి మూసి వీరలంకలో కలిపేస్తున్నామన్నాడు. ఒక జీపు కనమంది, ఒక జీపు కన్నా ఇక్కడ చదువు లేదంది. రెండు జీపులూ ఒకే సర్కారువి, ఎదురుపడినా గుర్తుపట్టుకోవేమో.

సుభద్రమ్మ నెలరోజులు గడువు అడిగింది. పదిమందిని చూపిస్తే బడి ఉంచుతానన్నాడు అతను. ఆవిడ ఫోను పట్టుకుని హైదరాబాదు మనవల్ని అడిగింది. వేసవి సెలవులకి పంపుతాం, చదువుకి కాదన్నారు. చుట్టాల పిల్లలు ముగ్గుర్ని కాకినాడ నుంచి తెప్పించి, యూనిఫాం కుట్టించి కూర్చోబెట్టింది. గడువు తీరాక అధికారి మళ్ళీ వచ్చి ఆధార్ నెంబరు కొట్టి చూసేసరికి ముగ్గురూ కాకినాడ బళ్ళో చదువుతున్నారని ఫోను చెప్పేసింది. పాపం, ఆవిడ పథకం ఆధార్ వల్లే నిరాధారమైంది.

అధికారి వెళ్ళబోతుంటే షీల్డు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇది మీరిచ్చిందే బాబూ. పిల్లలు తక్కువుండాలని మీరే అన్నారు. తక్కువున్నారని మీరే మూసేత్తన్నారు. ఏం నాయం ఇది?"

అతను షీల్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, నేనెక్కడన్నాను? ఇది ఇచ్చేనాటికి నేనసలు పుట్టనేలేదు."

"నువ్వు తరవాతైనా పుట్టావు నాయనా," అంది సుభద్రమ్మ. "మా ఊళ్ళో పుట్టనోళ్ళు అలాగే ఉండిపోయారు."

అతను తలొంచుకుని షీల్డు తిరిగి ఆవిడ చేతికిచ్చాడు. బల్ల మీద పెట్టొచ్చుగానీ, చేతికే ఇచ్చాడు. మంచివాడే. ద్రోహాలన్నీ చెడ్డవాళ్ళే చెయ్యాలంటే సర్కారు ఒక్కరోజు కూడా నడవదు.

జూన్‌లో ట్రాక్టరొచ్చింది. బెంచీలు, నల్లబల్ల, గంట ఎక్కించారు. ఏడుగురు పిల్లలూ బెంచీలతోపాటే ఎక్కి కూర్చున్నారు, వాళ్ళకి సరదాగానే ఉంది. వీరలంక వేపు మళ్ళిపోయింది ట్రాక్టరు. నా తోబుట్టువుని పిడకల కింద తగలేసిన వీరలంక! నా మాట విన్న ఊరి బడి, నా మాట వినని ఊరికి. ఊరికి ఊరికే పోయింది.

గోడ దగ్గర తోడికోడళ్ళిద్దరే మిగిలారు.

"అక్కా," అంది మంగాయమ్మ. "బడేది?"

అరిచి అడగలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినట్టు అడిగింది. సుభద్రమ్మ బడి తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది. మంగాయమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చేవాడు తోపుడు బండితో వచ్చాడు. సుభద్రమ్మ కత్తిపీట తిరగేసి నా మేకులు తనే పీకింది. పసుపు బొట్లు పెట్టిన చేతులే అవి. నాలుగో మేకు రాకపోతే రేకు చింపి లాగింది. నన్ను బండిలో పారేసి, "ఎంతిత్తావో ఇయ్యి," అంది. వాడు తూకం వేసి రెండు కిలోల ఉల్లిపాయలు పోశాడు. దేవత ఖరీదు కట్టడం చూశారు కదా. ఏడవడానికి కావలసిన సరుకు కూడా వాడే ఇచ్చాడు.

బండి మలుపు తిరగబోతుండగా మంగాయమ్మ అడ్డమొచ్చింది. వెనక్కెళ్ళి సుభద్రమ్మ ఒళ్ళోంచి ఉల్లిపాయలన్నీ కొంగులో ఎత్తి తెచ్చి బండిలో గుమ్మరించింది.

"ఆ రేకు దింపు."

"ఇప్పుడేగా అమ్మారండి. మీదా ఇది?" అన్నాడు వాడు.

"దానిమీద నా పిల్లుంది."

వాడు నావేపు చూశాడు. అయిదుగురు మనుషులు, ఒక తలకాయ. "ఏ పిల్లండి?"

మంగాయమ్మ ఎర్ర గౌను మీద వేలు పెట్టింది. వాడికేం అర్థమైందో గానీ మారు మాట్లాడకుండా దింపేశాడు. సుభద్రమ్మ ఎప్పుడొచ్చిందో వచ్చింది. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని నన్ను మోసుకెళ్ళారు. మంగాయమ్మ ఇంటి వసారాలో నన్ను గోడకి ఆనించాక, సుభద్రమ్మ ఆయాసపడుతూ నేలమీద కూర్చుంది.

"మంగా. అప్పుడు ఏం పేరనుకున్నావే?"

"నీకు చెప్పనక్కా."

తిట్టినా బాగుండేది. సుభద్రమ్మ లేచి, చెంబుడు నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఇప్పటికీ రోజూ సాయంత్రం వస్తుంది, ఇద్దరూ చిక్కుళ్ళు ఒలుచుకుంటారు, అన్నీ మాట్లాడుకుంటారు. ఆ ఒక్క మాటా ఆవిడ మళ్ళీ అడగలేదు, ఈవిడ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. దేవతల్లో నేనెంత చిన్నదాన్నో అప్పుడు తెలిసింది.

కంటామన్నప్పుడు కనొద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు, కనేవాళ్ళు కనపడటం లేదు. ఎవరిదీ తప్పు కాదట, కాలం మారిందట. మారింది కాలం కాదండీ. కాలం దాని పని అది చేసుకుపోయింది. మాట మారింది. రాయించినవాడు ఒకడు, చెరిపించినవాడు ఒకడు. ఇద్దరి మధ్యా తన ఒంటిమీద అమలు చేయించుకున్నది ఒక ఆడమనిషి. నాకు రంగు మార్చారు. ఆవిడకి ఏం మార్చగలరు?

మొన్న ఒకమ్మాయి వచ్చింది జనాభా లెక్కలకి. మెళ్ళో కార్డు, చేతిలో ఫోను. అన్నీ అడుగుతూ వచ్చి, "మామ్మగారూ, మీకు పుట్టిన పిల్లలు ఎంతమంది?" అంది.

"ఇద్దరే అమ్మా," అంది మంగాయమ్మ.

అని, నావేపు చూసింది. ఆ అమ్మాయి ఫోనులో ఏదో నొక్కుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. మంగాయమ్మ ఇంకా చూస్తూనే ఉంది. ఎన్ని వేల పెళ్ళిళ్ళకి, ఎన్ని మీటింగులకి నా దగ్గర మాటలున్నాయో! ఆ చూపుకి మాత్రం నామీద రాసింది ఏదీ జవాబు కాదు. రాసిందీ కాదు, చెరిపిందీ కాదు.